కలివికోడి ఎక్కడుంది?

పిల్లలూ, ఈ పాఠంలో ఒక పక్షి గురించి చదువుదాం. పేరులో కోడి ఉంది కానీ ఇది కోడి కాదు. తెలుగులో నేల మీద తిరిగే చాలా పక్షుల పేర్లకు చివర కోడి వస్తుంది: అడవికోడి, నీటికోడి, గిన్నెకోడి. కలివి అనేది చిన్న ముళ్ల పొద. దాని పళ్లు పండాక నల్లగా, తియ్యగా ఉంటాయి. కలివి పొదలున్న చోట తిరిగే పక్షి కాబట్టి కలివికోడి. ఇంగ్లీషులో దీన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. జెర్డాన్ అనే డాక్టరు దీన్ని మొదట గుర్తించాడని ఆ పేరు పెట్టారు. అంటే ఇంగ్లీషు పేరు మనిషిది, తెలుగు పేరు పక్షి ఉండే చోటుది. నాకైతే తెలుగు పేరే నచ్చింది.

చూడ్డానికి ఎలా ఉంటుందంటే, పొడవు పది పదకొండు అంగుళాలు, పొడుగు కాళ్లు, పెద్ద కళ్లు. ఒంటి రంగు మట్టి రంగు. ఛాతీ మీద రెండు పట్టీలు, రెండు దండలు వేసుకున్నట్టు. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి చెదపురుగుల్నీ చీమల్నీ ఏరుకుని తింటుంది. ఎగరగలదు, కానీ ఎక్కువగా పరిగెడుతుంది.

ఈ పక్షి గురించి శాస్త్రవేత్తలకు 1848లో తెలిసింది. తర్వాత పెన్నా, గోదావరి నదుల వైపు కొద్దిమంది మాత్రమే చూశారు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఎవరూ చూసినట్టు రాయలేదు. పుస్తకాల్లో "అంతరించిపోయి ఉండవచ్చు" అని రాసేశారు.

మరి ఎలా దొరికింది? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప జిల్లా ఊళ్లకు వచ్చారు. పక్షి బొమ్మ వేసిన పోస్టర్లు పంచి, "దీన్ని ఎక్కడైనా చూశారా?" అని అడిగారు. అడవిలో పిట్టలు పట్టేవాళ్లు బొమ్మ చూసి, ఇది మాకు తెలుసు, కలివికోడి అన్నారు! పుస్తకాల్లో లేకుండా పోయిన పక్షి వాళ్ల నోట్లో పేరుగా బతికే ఉంది. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పక్క అడవిలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వేసి దాన్ని పట్టుకున్నాడు. ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు, పాపం. కానీ ఈ జాతి ఇంకా ఉందని లోకానికి తెలిసింది. 1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏడాది మన తపాలా శాఖ కలివికోడి స్టాంపు కూడా వేసింది.

అభయారణ్యం వచ్చింది కదా, ఇంకేం భయం అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది. కలివికోడికి పెద్ద చెట్ల అడవి అక్కర్లేదు. మధ్య మధ్య ఖాళీ నేల ఉండి, ముళ్ల పొదలుండే చిట్టడవి కావాలి. పొదలు మరీ ఒత్తుగా ఉంటే పరిగెత్తలేదు. మొత్తం కొట్టేస్తే దాక్కోలేదు. మనుషుల కంటికి మాత్రం అలాంటి నేల ఉత్త బీడు. అందుకే కట్టెలకు పొదలు కొడతారు, చదును చేసి నిమ్మతోటలు వేస్తారు, రాళ్లు తవ్వుతారు. పులి ఉన్న అడవి అంటే అందరూ జాగ్రత్తపడతారు కానీ కంపచెట్ల నేల గురించి ఎవరు పట్టించుకుంటారు?

2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి తిరిగే పొదల నేలలోకే వచ్చాయి. పరిశోధకులు చూసి ఫిర్యాదు చేశారు. విషయం ఢిల్లీ దాకా వెళ్లింది, చివరికి కాలువ దారి మార్చారు. కాలువ రైతులకు కావాలి, అది తప్పేమీ కాదు. పక్క నుంచి తీసుకెళ్లే వీలుంది కాబట్టి అలా చేశారు.

ఈ పక్షిని వెతకడం కూడా చిత్రంగా ఉంటుంది. దారుల్లో మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే కాలిగుర్తులు పడ్డాయేమో చూస్తారు. రాత్రిపూట రికార్డు చేసిన కూత వినిపించి, బదులు వస్తుందేమో అని చెవులు రిక్కించి కూర్చుంటారు. 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక పాత గుడ్డు కలివికోడిదని డీఎన్ఏ పరీక్షలో తేలింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర సేకరించిన గుడ్డు అది! ఇక అడవిలో చాలా ఏళ్లు పక్షి జాడే లేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో కొందరు పక్షి పరిశీలకులు దాని కూత మళ్లీ విని రికార్డు చేశారు.

ఇప్పుడు మీ దేశపు పక్షితో పోల్చి చూద్దాం. కాలిఫోర్నియా కాండర్ సంగతి మీలో కొందరికి బళ్లో చెప్పే ఉంటారు. నేను ఈ దేశం వచ్చాకే, మా పాప లైబ్రరీ పుస్తకంలో మొదటిసారి చదివాను. రెక్కలు చాపితే తొమ్మిదడుగుల పైనే. చచ్చిన జంతువుల్ని తింటుంది. వాటి ఒంట్లో మిగిలిన తూటాల సీసం కడుపులోకి పోయి విషమవుతుంది. 1982లో ఇరవై రెండే మిగిలాయి. 1987లో అడవిలో ఉన్న చివరిదాన్ని కూడా పట్టి జూకి తెచ్చారు. అప్పటికి మొత్తం 27. పిల్లలకు మనుషులు అలవాటు కాకూడదని, చేతికి కాండర్ తలలాంటి తోలుబొమ్మ తొడుక్కుని తిండి పెట్టారు. 1992 నుంచి మళ్లీ అడవిలో వదిలారు. ఇప్పుడు అయిదువందలు దాటాయి. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకు సీసం తూటాలు వాడకూడదు.

కాండర్ పెద్దది, పగలు ఆకాశంలో కనిపిస్తుంది, అందుకే లెక్కపెట్టగలిగారు, పట్టుకోగలిగారు. కలివికోడి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ముందు అసలు కనిపించాలి కదా. ఇప్పటికి చేయగలిగింది అది ఉండే చిట్టడవిని ఉంచడమే.

కొత్త మాటలు
చిట్టడవి: పొదలు, చిన్న చెట్లు ఉండే అడవి
బీడు: సాగు చేయని నేల
జాడ: ఒకటి ఉందని తెలిపే గుర్తు
అంతరించిపోవు: ఒక్కటి కూడా మిగలకుండా పోవు
చెవులు రిక్కించు: చాలా శ్రద్ధగా విను

జవాబులు చెప్పండి
1. శాస్త్రవేత్తలకు దొరకని పక్షి ఊరివాళ్లకు ఎలా తెలిసింది?
2. పొదలన్నీ కొట్టేసినా కష్టమే, మరీ ఒత్తుగా పెరిగినా కష్టమే. ఎందుకు?
3. "కాలువ ముఖ్యమా, పక్షి ముఖ్యమా?" ఇద్దరిద్దరుగా కూర్చుని తెలుగులోనే వాదించండి. ఒకరు రైతు, ఒకరు పరిశోధకుడు.
4. ఈ ఆదివారం తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, వాళ్ల చిన్నప్పుడు ఊళ్లో చూసిన మూడు పిట్టల పేర్లు అడగండి. పేరు ఎందుకొచ్చిందో కూడా అడిగి రాసుకు రండి. ఇంగ్లీషు పేరు దొరక్కపోయినా పర్లేదు.