సముద్ర నిఘా: సమాచారం ఒక్కచోటికి

2008 నవంబరు 26న ముంబైపై దాడి చేసిన ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే చేపల పడవను హైజాక్ చేసి వచ్చారు. నౌకాదళం, కోస్ట్‌గార్డ్, మెరైన్ పోలీసులు, కస్టమ్స్, ఓడరేవులు, మత్స్యశాఖ... సముద్రంపై కన్నేసే సంస్థలకు కొదవ లేదు. ఒకరికి తెలిసింది మరొకరికి సకాలంలో చేరకపోవడమే అసలు లోపం.

2009లో తీర భద్రత సహా మొత్తం సముద్ర భద్రత బాధ్యతను కేంద్రం నౌకాదళానికి అప్పగించింది. ముంబై, విశాఖపట్నం, కొచ్చి, పోర్ట్‌బ్లెయిర్‌లలో జాయింట్ ఆపరేషన్స్ సెంటర్లు వెలిశాయి. 2014 నవంబరులో గురుగ్రామ్‌లో ఐమాక్ (ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అండ్ అనాలిసిస్ సెంటర్) ప్రారంభమైంది. నౌకాదళం, కోస్ట్‌గార్డ్‌లకు చెందిన 51 కేంద్రాలను ఎన్‌సీ3ఐ (నేషనల్ కమాండ్, కంట్రోల్, కమ్యూనికేషన్ అండ్ ఇంటెలిజెన్స్) నెట్‌వర్క్ దీనితో కలుపుతుంది. తీర రాడార్లు పట్టిన చుక్కను, ఓడలు తమంతట తామే ప్రసారం చేసే ఏఐఎస్ (ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్) వివరాలతో ఇక్కడ పోల్చి చూస్తారు. రాడార్‌లో ఉండి ఏఐఎస్‌లో లేనిదాన్ని ఆరా తీయాలి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300, ఆపై స్థూల టన్నేజీ ఉన్న ఓడలకు ఏఐఎస్ తప్పనిసరి. చిన్న చేపల పడవలకు ఆ నిబంధన వర్తించదు, చిక్కంతా అక్కడే.

పోటీ పరీక్షల అభ్యర్థులు తరచూ తడబడేది ఐఎఫ్‌సీ-ఐఓఆర్ (ఇన్ఫర్మేషన్ ఫ్యూజన్ సెంటర్ - ఇండియన్ ఓషన్ రీజియన్) దగ్గర. ఇదీ గురుగ్రామ్‌లోనే ఉంది, నౌకాదళమే నడుపుతుంది. కానీ 2018 డిసెంబరులో మొదలైన ఈ కేంద్రం పని విదేశాలతో సమాచార మార్పిడి. భాగస్వామ్య దేశాల అనుసంధాన అధికారులు ఇక్కడ ఉంటారు. ఇక్కడ పంచుకునే ‘వైట్ షిప్పింగ్’ సమాచారం అంటే వాణిజ్య నౌకల కదలికల సమాచారం, యుద్ధనౌకలది కాదు.

ఈ సంస్థలన్నింటి మధ్య సమన్వయం కోసం 2022లో తొలి జాతీయ సముద్ర భద్రతా సమన్వయకర్తగా విశ్రాంత వైస్ అడ్మిరల్ జి.అశోక్ కుమార్ నియమితులయ్యారు.