ట్రినిటీ గ్రంథాలయమును గూర్చి మనుమరాలికి



కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాలయందు గణితము చదువుటకు నీకు ప్రవేశము లభించినదని మీ అమ్మ తెలుపగా ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. ఉన్నిబట్టలు, పచ్చళ్లు, ప్రయాణపు ఏర్పాట్లు చూచుటకు ఇంటిలో పలువురున్నారు గనుక ఆ మాటలు వారికే విడిచి, బ్రతుకంతయు గణితము బోధించినవాడను గనుక నేను చెప్పదగినది మాత్రము చెప్పెదను. అచ్చట నీకు లభింపబోవు ఆచార్యులు ఎంతటివారైనను, నెవిల్స్ కోర్టు కొసను, నదివైపున నిలిచియున్న రెన్ గ్రంథాలయమును వారికంటె తక్కువ గురువుగా ఎంచకుము.

న్యూటనునకు ముందు లూకేసియన్ గణితపీఠము నలంకరించిన ఐజాక్ బారో, కళాశాలాధిపతియై తలపెట్టిన ఆ భవనమునకు, లండనులో సెయింట్ పాల్ దేవాలయమును నిర్మించిన క్రిస్టఫర్ రెన్ ప్రతిఫలము గైకొనక రూపకల్పన చేసెను. 1676లో ఆరంభమైన పని 1695కు గాని ముగియలేదు. 1677లోనే గతించిన బారో దానిని కన్నులార చూడలేదు. నది చెంతనుండుటచే నేలచెమ్మ పుస్తకములకు సోకకుండ గ్రంథశాలను మేడపై నిలిపి, క్రింద స్తంభముల మండపమును తెరపిగా విడిచినారు. అంతకంటె మెచ్చదగినది వెలుతురునెడ రెన్ చూపిన శ్రద్ధ. మేడ అంతస్తు ఎచ్చట మొదలైనట్లు బయటివారికి తోచునో, లోపలి నేల అంతకంటె బాగుగా దిగువనున్నది. కావున గోడల వెంట బీరువాలు ఎత్తుగా నిలిపినను, వాని తలలపై పెద్ద పెద్ద కిటికీలకు చోటు మిగిలి, పగటి వెలుగు పైనుండి నేరుగా పుటమీద పడుచున్నది. గోడనుండి ముందుకు వచ్చిన బీరువాల నడుమ చిన్న గదులవంటి అరలు ఏర్పడినవి. ఆ అరలలోని బల్లలును, వానిపై త్రిప్పుటకు వీలైన వ్యాసపీఠములును రెన్ రూపొందించినవే. చదువరి కూర్చుండు చోటును మొదట తలచి పిదప గోడలు లేపిన కట్టడమిది యని నా నమ్మకము.

విద్యార్థుల నిత్యపఠనమునకు ప్రక్కనే వేరొక శాల కలదు. నీవు ఎక్కువ కాలము గడపునది అందే. అచ్చట ఒక మూలను ఎంచుకొని, దినదినమును ఒకే వేళకు పోయి కూర్చుండుము. ఫోను సంచిలోనే ఉండనిమ్ము.

పాత మేడలో న్యూటను సొంత పుస్తకములు ఎనిమిది వందలకు పైగా కలవు. అతని అనంతరము చేతులు మారుచు వచ్చిన వానిని 1943లో పిల్‌గ్రిమ్ ట్రస్టు కొని కళాశాలకు ఒసగెను. ముఖ్యమని తోచిన చోట పుటమూలను మడిచి, దాని కొన సరిగా ఆ మాటను తాకునట్లు చేయుట అతని అలవాటు. (నీవు మాత్రము ఏ పుస్తకమునకును మడత పెట్టకుము, పెన్సిలు తప్ప మరే కలమును పాత పుటల దరిదాపులకు కొనిపోకుము.) 1687నాటి ప్రిన్సిపియా మొదటి ముద్రణ ప్రతిలో, రెండవ ముద్రణకై అతడు స్వహస్తముతో చేసికొన్న దిద్దుబాట్లు కలవు. మిల్టను వ్రాసిన లిసిడాస్ చిత్తుప్రతియు అచ్చటనే యున్నది. వ్యాసకర్త చార్లెస్ లాంబ్ దానిలోని కొట్టివేతలను చూచి, అంత మనోహరమైన కవిత ఇట్లు దిద్దుబాట్లతో పుట్టినదా యని మిక్కిలి నొచ్చుకొనెను. లాంబునందు నాకెంత అభిమానమున్నను ఈ విషయమున ఏకీభవింపజాలను. అచ్చుపుస్తకము సిద్ధాంతమును చూపును గాని, దానిని చేరుటకు ఒక మనుష్యుడు నడచిన దారిని కప్పివేయును. ఆ దారి చిత్తుప్రతులలోనే కానవచ్చును. గణితము నేర్చువారికి దానిని మించిన పాఠము లేదు.

రామానుజన్ మాటకు వచ్చుటకే ఇంతయు వ్రాసితిని. కుంభకోణము ప్రభుత్వ కళాశాల గ్రంథాలయమునుండి తెచ్చిన, కార్ అనునాతని గ్రంథము, వేలకొలది సిద్ధాంతములను ఉపపత్తుల విస్తరము లేక వరుసగా పేర్చినది, 1903లో ఆ బాలుని చేతికి చిక్కినది. పదునొకండేండ్లకు అతడు ట్రినిటీకి చేరెను. 1918లో అచ్చట ఫెలో అయ్యెను. స్వదేశమునకు మరలివచ్చి 1920 ఏప్రిలు 26న కన్నుమూసెను. ఆ కడపటి సంవత్సరమున వ్యాధితో శుష్కించుచును అతడు వ్రాసిన కాగితములు మద్రాసు విశ్వవిద్యాలయమునుండి 1923లో గణితజ్ఞుడు హార్డీకి చేరి, ఆయననుండి బర్మింగ్‌హామ్ ఆచార్యుడు వాట్సనుకు పోయినవి. 1965లో వాట్సను మరణింపగా, ఆయన చదువుగదిలో గుట్టలుగా పడియున్న కాగితములు నిప్పుపాలు కావలసినవే; విట్టేకర్, రాన్కిన్ అను గణితజ్ఞులు వానిని ఏరి కాపాడిరి. 1968లో అవి ట్రినిటీకి చేరినవి.

అటుపిమ్మట ఎనిమిదేండ్లు అవి ఒక పెట్టెలో, ఎవ్వరును అడుగక పడియుండెను. 1976లో జార్జి ఆండ్రూస్ అను అమెరికా గణితజ్ఞుడు తెరచి చూడగా, నూరు పుటలకు మించిన విడి కాగితములపై రామానుజన్ చేవ్రాత కనబడినది. జాడ తప్పిన నోటుపుస్తకమని పేరు పడినది అదే. తల్లీ, ఇందు నీవు గమనింపవలసినది ఒకటి కలదు. ఆండ్రూస్ డాక్టరేటు వ్యాసము రామానుజన్ కడపట కనిపెట్టిన మాక్ తీటా ప్రమేయములను గూర్చినది. కావున చూచినంతనే తన చేతనున్నది ఏమో గుర్తింపగలిగెను. అదే పెట్టె సిద్ధపడని వారి చేతికి వచ్చియుండిన, మరల తాడు కట్టి అటకకు ఎక్కించియుందురు. గ్రంథాలయము దాచి ఉంచును. గుర్తించు పని చదువరిదే.

1988లో ఢిల్లీ నరోసా వారు ఆ పుటల ఛాయాప్రతిని అచ్చువేసిరి. అది మన ఇంటి బీరువాలోనే యున్నది. ప్రయాణమునకు ముందు కొంచెమైనను తిరుగవేయుము. అచ్చటికి చేరినంతనే గ్రంథపాలకులను పరిచయము చేసికొనుము. గ్రంథపట్టికలను పాఠ్యపుస్తకమువలె చదువుము. మొదటి సంవత్సరము తొందరపడక పాఠములు గట్టిపరచుకొని, పిదప అనుమతి పొంది రామానుజన్ పుటలను చూడబూనుము. చూచిన నాడు, ఏ పుటలో ఏ సమీకరణముకడ నీకు అర్థము కాక ఆగిపోయితివో నాకు వివరముగా వ్రాయుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య