తెరపై ద్వారక

విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకు పోవు రాజమార్గముపై, సముద్రమునకు చేరువలో భోగాపురము కలదు. ఆ ప్రాంతపు గ్రామములలో తూర్పు భాగవతమను ఆట తరతరములుగా ఆడబడుచున్నది. అందు ప్రధానపాత్ర సత్యభామ. ఆ వేషము ధరించువాడు పురుషుడు. అతని వీపున పొడవైన జడ, ప్రక్కన మద్దెల, వెనుక తాళములు వేయుచు పాట నందుకొను వంతగాండ్రు. సామగ్రి యంతయు నింతే. అయినను సత్యభామ తన మేడను వర్ణించినంతనే వీధిలో కూర్చున్నవారికి మేడ కనబడును. రుక్మిణి పేరెత్తి మూతి త్రిప్పినంతనే రుక్మిణి యింటి గడపయు కనబడును. ఆ ద్వారకను కట్టుకొనువారు చూపరులే. దానికి సున్నము అక్కరలేదు, కూలి అక్కరలేదు.

ఇదే ద్వారకను కెమేరా యెదుట నిలుపవలసి వచ్చినప్పుడు సంగతి మారిపోవును. కెమేరాకు ఊహ లేదు. ఎదుట నున్నదే దానికి కలదు, లేనిది లేదు. పురాణకథలను తెరకెక్కించువారి కష్టములలో పెక్కు ఈ చిన్నమాటనుండియే పుట్టినవి. అవి యెట్టివో తెలిసికొనుటకు మన “మాయాబజార్” కంటె మంచి యుదాహరణము నాకు తోచదు.

1957 మార్చి 27న విడుదలయైన యీ చిత్రమును నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయాసంస్థ మద్రాసులో తెలుగు, తమిళ భాషలలో నిర్మించెను. దర్శకుడు కె.వి.రెడ్డి. తెలుగున మాటలు, పాటలు వ్రాసినవాడు పింగళి నాగేంద్రరావు. ఈయన జన్మస్థలము భోగాపురమునకు ఉత్తరముగా నున్న రాజాము. బలరాముడు తన కూతురు శశిరేఖను అభిమన్యున కిత్తునని మాటయిచ్చి, పాండవులు జూదమున సర్వమును కోల్పోయిన పిమ్మట, దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారున కీయ నిశ్చయించును. కృష్ణుడును ఘటోత్కచుడును మాయ పన్ని ఆ పెండ్లిని తలక్రిందులు చేయుదురు. ఇదియే కథ. ఇది వ్యాసభారతములో లేదు. జనుల నోళ్లలో పెరిగినది. 1885లో కడపసీమలో పుట్టిన సురభి నాటకసమాజమువారికి ఇది పేరుతెచ్చిన నాటకము. నటులను తీగెల సాయమున ఆకాశమున నడిపించుట, బాణములు నడుమ ఢీకొనునట్లు చేయుట వారికి వెన్నతో బెట్టిన విద్య. 1936లోనే ఒకమారు ఈ కథ తెరకును ఎక్కినది.

తెలిసిన కథ యగుటయే పెద్ద చిక్కు. ప్రతివాని మనస్సులోను ఒక ద్వారక, ఒక కృష్ణుడు, ఒక ఘటోత్కచుడు ముందే నెలకొని యుందురు. తెరపై కనబడునది వానికి తీసికట్టుగా నున్నచో క్షమించువాడు లేడు. ఈ భయము వట్టిది కాదు. 1956లో వచ్చిన “సొంతవూరు” అను చిత్రమున నందమూరి తారక రామారావు కొలదిసేపు కృష్ణుడుగా కనబడగా ప్రేక్షకులు మెచ్చలేదు. అందుచే మాయాబజారులో ఆ వేషమును ధరింపుమన్నప్పుడు ఆయన వెనుకాడెను. కె.వి.రెడ్డి పట్టు విడువక, కిరీటము, దుస్తులు మొదలగువానిపై ప్రత్యేకశ్రద్ధ వహించి ఆయనను ఒప్పించెను. తరువాత నేమైనదో మీ యింటి పెద్దల నడుగుడు. కృష్ణుడనగానే ఏ ముఖము తోచునో వారు చెప్పుదురు.

ఇక ద్వారకానగరము. గోఖలే, కళాధర్ అను కళాదర్శకులు సుమారు 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల చోటిలో 300 చిన్న యిండ్లతో ఆ పట్టణమును నిర్మింపజేసిరి. బొమ్మయిల్లు కట్టుట కష్టము కాదు. బొమ్మయిల్లని తెలియకుండ చూపుట కష్టము. మేడను నూరవవంతుకు కుదింపవచ్చును గాని నీటిబొట్టును కుదింపలేము. దీపపు మంట తన కొలతను మార్చుకొనదు. దగ్గరనుండి చిత్రించునప్పుడు ముందటి వస్తువు స్పష్టముగా నుండి వెనుకటిది మసకబారెనా, చూచువాడు వెంటనే పసిగట్టును. వేయి నిజములలో ఒక్క అబద్ధము దొరకినను మాయ చెడును.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీకి వచ్చిన చిక్కు మరియొకటి. నాయికానాయకులు వెన్నెలలో పడవపై విహరింపవలెను. చల్లని వెన్నెల కవికి సులభము. ఒక్క విశేషణముతో ముగించును. కాని ఆనాటి ఫిల్ముపై బొమ్మ పడుటకు నిజమైన వెన్నెల వెలుగు చాలదు. దీపముల నెక్కువ చేసినచో వెన్నెల పోయి పట్టపగలగును. అందుచే ఆ దృశ్యమున అధికభాగమును స్టూడియోలోనే చిత్రించి, దీపకాంతిని అదుపులో నుంచి వెన్నెల భ్రాంతిని కల్పించెను. చంద్రుడు చేయలేని పనిని విద్యుద్దీపము చేసినది!

ఘటోత్కచుడుగా ఎస్.వి.రంగారావు విందు నారగించు ఘట్టమును చూచి నవ్వనివారుండరు. ఇట్టి మాయలకు ఆ కాలమున కంప్యూటరు లేదు. కెమేరాను ఆపి, వస్తువును తీసివేసి, మరల నడుపుట. ఫిల్మును వెనుకకు త్రిప్పుట. కంటికి కనబడని దారముతో లాగుట మొదలగునవే ఉపాయములు. వినుటకు తేలికగా నున్నవి. కాని కెమేరా ఆగినప్పుడు అది వెండ్రుకవాసియైనను కదలరాదు. నటుడు ఎత్తిన చేయి ఎత్తినట్లే నిలుపవలెను. కదలెనా, మొదటికి రావలసినదే.

ఏ యంత్రమును సాయపడని ఘట్టమును ఒకటి చెప్పెదను. ఘటోత్కచుడు శశిరేఖ రూపమును ధరించును. దేహము సావిత్రిది, లోపల నున్నవాడు రాక్షసుడు. కన్నెపిల్ల సిగ్గుపడుచు సిగ్గుపడుచు ఒక్కసారిగా మగవానివలె నడుము బిగించి నిలువవలెను. మన తూర్పు భాగవతమున పురుషుడు సత్యభామయగును; ఇచ్చట స్త్రీ, స్త్రీవేషము ధరించిన పురుషుడైనది. ఆ మాయాశశిరేఖ పాటలో రెండు కంఠములు వినబడును. ఒకటి విజయనగరమున జన్మించిన పి.సుశీలది, మరియొకటి ఆ విజయనగరములోనే సంగీతము నభ్యసించిన ఘంటసాలది. భోగాపురమునకు కూతవేటు దూరముననున్న పట్టణమునకు ఆ పాటలో ఇంత పాలున్నదని ఎందరికి తెలియును?

ఇన్ని కట్టినవారు కట్టక విడిచినదానినే నేను మిక్కిలి మెచ్చుదును. ఆ చిత్రమున పాండవులు ఒక్కమారైనను కనబడరు. భారతకథలో పాండవులు లేకుండుట! అయినను వారి జూదము, వారి వనవాసము మాటలలోనే తెలియును. వారి లోటు ఎవరికిని తోచదు. భాగవతుల ఉపాయమిది.

ఆ చిత్రములో ప్రియదర్శినియను పెట్టె యొకటి కలదు. మూత తెరచినవారికి తమ ప్రియమైనవారు అందు కనబడుదురు. చిత్రము వచ్చిన రెండేండ్లకే, 1959 సెప్టెంబరు 15న, మన దేశమున టెలివిజను ప్రసారములు ఢిల్లీలో మొదలైనవి. ఆ పెట్టెలోనికి పురాణములు వచ్చినప్పుడు క్రొత్త కష్టము వెంట వచ్చెను. అది కాలము. రామానంద సాగర్ “రామాయణము” 1987 జనవరి 25న దూరదర్శనులో ఆరంభమై 1988 జూలై 31 వరకు ఆదివారముల ఉదయమున సాగినది. తొలుత 52 భాగములనుకొన్నది 78 అయినది. చిత్రీకరణ గుజరాతులోని ఉమ్బర్గామున జరిగినది. సినిమావాడు వెన్నెల కుదరనిచో మరునాడు చిత్రించును. ధారావాహికకు ఆదివారము ఆగదు. కొన్ని వారములు ప్రసారవేళకు కొలదిసేపు ముందుగా మాత్రమే టేపులు చేరినవని చెప్పుదురు. పిమ్మట వచ్చిన బి.ఆర్.చోప్రా “మహాభారతము” 94 భాగములు. దానికి మాటలు వ్రాసిన రాహీ మాసూమ్ రజా కాలమునే కథకునిగా చేసి పలికించెను. ముఖము లేని ఆ కంఠము ఏండ్లను ఒక్క వాక్యములో దాటించును. చూపలేనిదానిని చెప్పుట యనగా నిదియే. భాగవతుల వంతపాట వలె.

2010 జనవరి 30న మాయాబజారు రంగులతో మరల విడుదలయైనది. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు నలుపు తెలుపు బొమ్మలకు కంప్యూటరుపై వన్నెలు దిద్దిరి. శశిరేఖ చీర ఏ రంగుదో ఫిల్ము చెప్పదు. బార్ట్‌లీ దీపములతో అల్లిన వెన్నెలకు ఏ రంగు వేయవలెనో అదియు చెప్పదు. నలుపు తెలుపులలో చూపరులు తమంత తామే వేసికొన్న ఆ రంగులను, ఈసారి పనివారు ఒక్కొక్క బొమ్మకు ఎంచి వేయవలసివచ్చెను.