రోజూ తినే గిన్నె చెప్పే ధమ్మం



ఈ పాఠం ఒక అన్నం గిన్నె గురించి. గిన్నెలో ధమ్మం ఏముంటుందని అనుకోకండి. గిన్నె, గ్లాసు, కుండ మనకు వట్టి సామాన్లు కావు. టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎట్లా నడిచిందో మీకు చెప్పనక్కర్లేదు. మనవాళ్లు ముట్టుకున్నారని కుండలు పగలగొట్టిన ఊళ్లూ ఉన్నాయి. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగింది దాహం కోసం కాదు, సమానత్వం కోసం. ఎవరు దేంట్లో తినాలి, ఎవరు దేంట్లో తాగాలి అన్న దగ్గరే కులం మనిషిని మొదట విడగొడుతుంది.

అందుకే మామూలు మనిషి రోజూ తినే గిన్నెను శ్రద్ధగా చేసిన ఒక చోటు గురించి తెలుసుకుందాం. అది జపాన్. ఆ గిన్నె పింగాణి గిన్నె.

బందీ చేతిలో పుట్టిన పని

జపాన్ వాళ్లకు మొదట్లో పింగాణి చేయడం రాదు. చైనా, కొరియాల నుంచి తెప్పించుకునేవాళ్లు. 1592 నుంచి 1598 వరకు హిదెయోషి సైన్యాలు కొరియా మీద దండయాత్ర చేశాయి. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి కుమ్మరులను చాలామందిని పట్టుకొచ్చాయి. వాళ్లలో ఒకాయన పేరు యి సామ్-ప్యొంగ్. క్యూషూ దీవిలో అరిత అనే ఊరి దగ్గర పింగాణికి పనికొచ్చే రాయిని ఆయనే కనిపెట్టాడని, 1616లో అక్కడ పని మొదలైందని చెప్పుకుంటారు. 1917లో ఆ ఊరి కొండ మీద ఆయన పేరున స్మారక స్తంభం కట్టారు.

గుర్తుపెట్టుకోండి. ఇంత అందమైన పని వెనుక సొంత ఊరి నుంచి ఈడ్చుకొచ్చిన మనుషులు ఉన్నారు. వస్తువును మెచ్చుకునేటప్పుడు దాన్ని చేసిన మనిషిని మరవకూడదు.

రాయి గిన్నె ఎట్లా అవుతుంది?

మన కుమ్మరి చెరువు మట్టి తెస్తాడు. వీళ్లు రాయి తెస్తారు. దాన్ని దంచి పొడి చేసి, నీళ్లలో కలిపి తేర్చి, మెత్తటి తెల్ల మన్ను తీస్తారు. సారె మీదనో అచ్చులోనో గిన్నె చేసి ఆరబెడతారు. సుమారు 900 డిగ్రీల వేడిలో ఒకసారి కాలుస్తారు. దాని మీద కుంచెతో నీలి రంగు బొమ్మ గీసి, గాజులా మెరిసే పూతలో ముంచి, సుమారు 1300 డిగ్రీల వేడిలో మళ్లీ కాలుస్తారు. అప్పుడు ఆ గిన్నె గట్టిపడుతుంది. నీళ్లు పీల్చదు, కూర వాసన పట్టదు. ఒక్కసారి కడిగితే శుభ్రం. నిన్న అందులో ఎవరు తిన్నారో గిన్నెకు గుర్తుండదు. గుర్తుపెట్టుకునేది మనిషే.

దొర బల్ల నుంచి కూలి చేతికి

మొదట ఇది ఉన్నవాళ్ల సరుకు. దొరలు వాడారు. 1650ల నుంచి డచ్చి వర్తకులు ఓడల్లో యూరప్‌కు తీసుకుపోయారు. అరిత పక్కనే ఉన్న హసామి ఊరివాళ్లు వేరే దారి పట్టారు. కొండ వాలు మీద గది వెనుక గదిగా పెద్ద పెద్ద బట్టీలు కట్టారు. కింది గది వేడి పై గదికి ఎక్కుతుంది. వాటిలో కొన్ని నూరు మీటర్లు దాటి ఉండేవి. ఒకేసారి ఎన్నో గిన్నెలు కాలడంతో ధర దిగింది.

క్యోటో, ఒసాకాల మధ్య యోదో నదిలో పోయే పడవలకు చిన్న పడవల వాళ్లు ఎదురొచ్చి తిండి అమ్మేవాళ్లు. 'తినవా ఏంటి?' అన్నట్టు మోటుగా కేకలు వేసేవాళ్లు. ఆ కేకే పేరై అట్లాంటి గిన్నెలను 'కురావంక' అన్నారు. దళసరి గిన్నె, అడుగున వెడల్పాటి కాలు. పడవ ఊగినా ఒరగదు. రెండు కుంచె గీతలతో ఒక పువ్వో ఆకో. చెక్క గిన్నెల్లో తిన్న సామాన్య జనం చేతికి పింగాణి అట్లా వచ్చింది.

ఇక్కడ మన శాస్తను తలుచుకోండి. భిక్షువులకు మట్టి పాత్ర, ఇనుప పాత్ర చాలన్నాడు. బంగారు, వెండి పాత్రలు వద్దన్నాడు. గిన్నె గొప్ప దాని ఖరీదులో లేదు.

పేరు లేని చేతులు

హసామిలో ఒక గిన్నెను ఒక్కరే చేయరు. అచ్చు చేసే ఇల్లు వేరు, మట్టి గిన్నె తీసే ఇల్లు వేరు, పూత వేసి కాల్చే ఇల్లు వేరు. ఒకరి పని ఆగితే అందరి పనీ ఆగుతుంది. పటిచ్చ సముప్పాదం అంటే పుస్తకంలో మాట మాత్రమే కాదు, ఇట్లాంటి చోట కంటికి కనిపిస్తుంది. 1958లో మోరి మసాహిరో అనే రూపకర్త ఇదే ఊళ్లో సోయా సాస్ పోసుకునే చిన్న కూజా గీశాడు. మూతికి చుక్క కారదు, ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. ఇప్పటికీ జపాన్ ఇళ్లలో వాడుతున్నారు.

యనగి సోఎత్సు (1889–1961) అనే ఆలోచనాపరుడు పేరు లేని పనివాళ్లు చేసిన రోజువారీ వస్తువుల్లోనే నిజమైన అందం ఉందన్నాడు. 1925లో స్నేహితులతో కలిసి వాటికి 'మింగేయ్', అంటే ప్రజల కళ, అని పేరు పెట్టాడు. 1936లో టోక్యోలో వాటికోసం మ్యూజియం తెరిచాడు. బౌద్ధం ఆయన ఆలోచనకు పునాది.

మాట మంచిదే. అయితే మనం ఇంకో మాట కలపాలి. పేరు లేకపోవడం రెండు రకాలు. 'నేను' అన్నది తగ్గించుకుని పేరు వదులుకోవడం ఒకటి. పేరు అడిగేవాళ్లే లేకపోవడం ఇంకొకటి. మన తాతలు చెప్పులు కుట్టారు, డప్పులు కట్టారు, బట్టలు నేశారు. వాళ్ల పేర్లు పోయింది వినయం వల్ల కాదు. కాబట్టి పనిని పొగిడితే సరిపోదు. చేసినవాళ్ల పేరు, కూలి, హక్కు కూడా అడగాలి.

గిన్నె ఒక్కటే మార్చదు

జపాన్ అంతా సమానత్వమే అనుకోవద్దు. బౌద్ధం ఉన్న ఆ దేశంలోనే బురాకుమిన్ అనే జనాన్ని అంటరానివాళ్లుగా వెలివేశారు. 1871లో ప్రభుత్వం ఆ హోదాను రద్దు చేసినా వివక్ష పోలేదు. 1922లో వాళ్లే 'సుయ్‌హెయ్‌షా' అనే సంఘం పెట్టుకుని పోరాడారు. నీటి మట్టంలా అందరూ సమానం అన్నది ఆ పేరులోని భావం. మంచి గిన్నె ఇంటింటికీ చేరినా, మనసులో మైల ఉంటే పంక్తి కలవదు. గుడి ఉన్నా, బుద్ధ విగ్రహం ఉన్నా అంతే. ఆచరణ కావాలి.

విహారంలో చర్చకు

1. మన ఇంట్లో మంచి ప్లేట్లు షోకేసులో చుట్టాల కోసం దాచి, ఇంటి ఆడవాళ్లు సొట్టపళ్లెంలో చివరన తింటున్నారా?
2. పాకీ పనికి, ఇంటి పనికి వచ్చినవాళ్లకు మనమే వేరే గ్లాసు పెడుతున్నామా?
3. మనలోని ఉపకులాల మధ్య కలిసి తినడం ఎంతవరకు వచ్చింది?
4. ఈరోజు మీరు తిన్న కంచం ఎన్ని చేతులు దాటి వచ్చింది? లెక్కపెట్టి చెప్పండి.

వచ్చే పున్నమి సమావేశానికి ఎవరి కంచం వాళ్లు తెచ్చుకోండి. కడిగి ఒక్కచోట పెడదాం. భోజనానికి ఎవరి చేతికి ఏది వస్తే అందులోనే తిందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!