ఆన్‌లైన్ ఆటల్లో లూట్: పంపకంలో న్యాయం, మోసాలకు కళ్లెం

నేపథ్యం

ఆన్‌లైన్ ఆటలైన 'ఎవర్‌క్వెస్ట్' 1999లో, 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' 2004లో వచ్చాయి. వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో 'మోల్టెన్ కోర్' రెయిడ్‌కు (జట్టుగా చేసే దాడికి) 40 మంది వరకు కలిసి వెళ్లేవారు. గంటల తరబడి పోరాడి బాస్‌ను (ప్రధాన శత్రువును) చంపితే దొరికే లూట్, అంటే ఆయుధాలు, కవచాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. వాటి కోసం ఆశపడేవారేమో జట్టు నిండా ఉంటారు. తగాదాలన్నిటికీ మూలం ఇదే.

ప్రధాన పంపక పద్ధతులు

1. నీడ్-గ్రీడ్: వస్తువు తన పాత్రకు పనికొస్తే 'నీడ్', అమ్ముకోవడానికైతే 'గ్రీడ్' నొక్కాలి. నీడ్ నొక్కినవారికే మొదటి హక్కు. వారిలో యాదృచ్ఛికంగా ఎవరికి పెద్ద అంకె పడితే వస్తువు వారిది. అవసరం లేకున్నా నీడ్ నొక్కేవారు ఉండటం దీని లోపం.

2. డీకేపీ: డ్రాగన్ కిల్ పాయింట్స్. ఎవర్‌క్వెస్ట్‌లో 'ఆఫ్టర్‌లైఫ్' అనే గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) దీన్ని ప్రవేశపెట్టింది. రెయిడ్‌లో పాల్గొన్నందుకు పాయింట్లు వస్తాయి, వాటిని ఖర్చుపెట్టి వస్తువు తీసుకోవాలి. శ్రమకు విలువ దక్కుతుంది కానీ కొత్తగా చేరినవారు వెనకబడతారు.

3. మాస్టర్ లూట్: పంచే అధికారం ఒక్కరిదే. నియమం తప్పి వస్తువు కాజేయడాన్ని 'నింజా లూటింగ్' అంటారు. వార్‌క్రాఫ్ట్ ప్రధాన ఆటలో ఈ పద్ధతిని 2018లో తొలగించారు.

4. జీడీకేపీ: వస్తువులను ఆటలోని బంగారానికి వేలం వేసి, వచ్చిన మొత్తాన్ని అందరికీ పంచుతారు. అసలు డబ్బుతో దొంగచాటుగా బంగారం కొన్నవారిదే ఇక్కడ పైచేయి. అందుకే వార్‌క్రాఫ్ట్‌లోని 'సీజన్ ఆఫ్ డిస్కవరీ'లో 2024లో రెండో దశ నుంచి తయారీ సంస్థ బ్లిజార్డ్ దీన్ని నిషేధించింది.

మోసం జరిగే తీరు

ఆటగాళ్లు వస్తువులు మార్చుకునే ట్రేడ్ విండోలో మోసగాడు ముందు అసలు వస్తువే పెడతాడు. ఏదో సాకుతో రద్దు చేసి, రెండోసారి చూడటానికి అలాగే ఉండే చవక వస్తువు పెట్టి 'త్వరగా' అని తొందరపెడతాడు. దీన్ని అడ్డుకోవడానికే 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' ఆటలో రెండో నిర్ధారణ తెర ఉంది. వస్తువు వెనక్కి తీస్తే ఆ గడిలో ఎర్రటి ఆశ్చర్యార్థకం మెరుస్తుంది. 'ముందు నువ్విచ్చెయ్, తర్వాత రెండింతలిస్తా' అనడం, నకిలీ లాగిన్ పేజీతో పాస్‌వర్డ్ లాగడం తరచూ కనిపించే మరికొన్ని ఎత్తులు.

నివారణ

- పంపకం నియమాన్ని రెయిడ్ మొదలవకముందే అందరి ముందు చాట్‌లో రాయాలి.
- పాయింట్ల పట్టిక జట్టులో అందరూ చూసేలా ఉండాలి.
- రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.
- మోసం జరిగితే స్క్రీన్‌షాట్లు తీసి ఆట నిర్వాహకులకు ఫిర్యాదు చేయాలి.

చట్టం

ఐటీ చట్టం-2000లో సెక్షన్ 66సీ ఇతరుల పాస్‌వర్డ్ దుర్వినియోగానికి, 66డీ మరొకరిలా నటించి చేసే ఆన్‌లైన్ మోసానికి వర్తిస్తాయి. రెండింటికీ 3 ఏళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

కీలకాంశం

ఏ పద్ధతీ లోపం లేనిది కాదు. ముందే ప్రకటించిన నియమం, అందరికీ కనిపించే లెక్క ఉన్న చోట ఓడినవారు కూడా ఫలితాన్ని ఒప్పుకుంటారు. పారదర్శకత, జవాబుదారీతనంపై పరీక్షలో సమాధానం రాసేటప్పుడు ఈ ఉదాహరణ వాడుకోవచ్చు.

నమూనా ప్రశ్న: శ్రమను బట్టి పంచడం, అవసరాన్ని బట్టి పంచడం: వీటిలో ఏది న్యాయం? డీకేపీ, నీడ్-గ్రీడ్ పద్ధతుల ఆధారంగా చర్చించండి.