ఎవరి సంచి వాళ్ళ వీపున

వేసవి వస్తే సియాటిల్ చుట్టుపక్కల మన ఇళ్ళన్నీ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కళకళలాడతాయి. మౌంట్ రెయినియర్‌కో, ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ కాన్యన్‌కో ప్రయాణాలు కడతారు. టికెట్లు, హోటళ్ళు నెలల ముందే కుదురుతాయి. రోజంతా వీపున మోయాల్సిన చిన్న సంచి మాత్రం బయల్దేరే ముందు రాత్రి గుర్తొస్తుంది. ఏళ్ళ తరబడి చుట్టాలను దుకాణాలకు వెంటబెట్టుకు వెళ్ళిన అనుభవంతో ఈ మాటలు చెబుతున్నాను.

1. పెద్దవాళ్ళకు విడిగా సంచి కొనండి

"నాకెందుకురా, నీ దాంట్లోనే పడెయ్" అంటుంది అమ్మ. ఒప్పుకోకండి. పిల్లలు పరుగెత్తితే కొడుకు వాళ్ళ వెంట వెళ్తాడు. నాన్నగారు అలసి బెంచీ మీద కూర్చుంటారు. ఆయన బీపీ మాత్ర, నీళ్ళు, స్వెట్టరు అన్నీ కొడుకు వీపున వెళ్ళిపోతాయి. నేషనల్ పార్కుల్లో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు, పిలుద్దామన్నా కుదరదు. ఎవరి నీళ్ళు, ఎవరి మందులు, ఎవరి చలికోటు వాళ్ళ దగ్గరే ఉండాలి. వాటితోపాటు కొడుకు, కోడలి నంబర్లు రాసిన కాగితం కూడా.

2. ముందు సామాను తేల్చుకోండి, తర్వాత సంచి

మోయాల్సినవన్నీ బల్ల మీద పరిచి చూడండి. లీటరు నీళ్ళంటేనే కిలో బరువు. రెయినియర్ మీద పారడైజ్ ప్రాంతం 5,400 అడుగుల ఎత్తు. జూలైలోనూ అక్కడి దారుల మీద మంచు కనిపిస్తుంది, చలికోటు తప్పదు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగులు. అక్కడి నుంచి లోయలోకి దిగేకొద్దీ ఎండ ముదురుతుంది, నీళ్ళు ఎక్కువ కావాలి. ఇక్కడ సంచుల పరిమాణం లీటర్లలో చెబుతారు. పెద్దవాళ్ళకు 12 నుంచి 18 లీటర్లు చాలు. పిల్లల సామాను కూడా మోసేవాళ్ళకు 20 నుంచి 25. అంతకన్నా పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని నింపేస్తాం, భుజాలు నొప్పి పుడతాయి.

3. బరువు వేసి చూడందే కొనకండి

ఖాళీ సంచి ఎవరి వీపుకైనా హాయిగానే ఉంటుంది. 1938లో సియాటిల్‌లో లాయిడ్, మేరీ ఆండర్సన్ దంపతులు తోటి పర్వతారోహకులతో కలిసి మొదలుపెట్టిన సహకార సంఘమే ఆర్‌ఈఐ. ఇలాంటి సామాను అమ్మే ఆ సంఘం దుకాణాల్లో సంచిలో వేసి చూసుకోవడానికి బరువులు ఉంటాయి, అడిగితే వీపు కొలిచి చెబుతారు. మనిషి పొడవు కాదు, మెడ కింద ఎముక నుంచి తుంటి ఎముక పైభాగం దాకా ఉన్న కొలత ముఖ్యం. వేరే దుకాణమైతే ఇంటి నుంచి నింపిన నీళ్ళ సీసాలు తీసుకెళ్ళండి. వేసుకుని పది నిమిషాలు నడిచి, మెట్లుంటే ఎక్కి దిగండి.

4. ప్రయాణంలో కట్టుకునే బట్టలతోనే వెళ్ళండి

చీర మీద సంచి వేసుకుంటే పైట మడతలు పట్టీ కింద నలిగి భుజం ఒరుసుకుంటుంది. పైట కుదించి పిన్ను పెట్టుకుని చూడమనండి. ఛాతీ పట్టీ ఉంటే పట్టీలు భుజాల నుంచి జారవు. సన్నటి నడుము బెల్టు సంచి ఊగకుండా ఆపుతుంది, అంతే. బరువు భుజాల నుంచి తుంటికి దిగాలంటే వెడల్పాటి మెత్తటి బెల్టు కావాలి.

5. వాళ్ళ వేళ్ళతోనే తెరిపించండి

కీళ్ళనొప్పులున్న చేతికి చిన్న జిప్పు పట్టు దొరకదు. బకిల్ నొక్కడం, జిప్పు లాగడం, పక్క జేబులోంచి సీసా తీయడం వాళ్ళనే చేయమనండి. లోపలి గుడ్డ లేతరంగుదైతే వస్తువులు సులువుగా కనిపిస్తాయి. వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉన్నా పెద్ద వానకు నీళ్ళు దిగుతాయి. మందులు, పాస్‌పోర్టు జిప్‌లాక్ కవర్లో పెట్టండి.

6. వెళ్ళే చోటి నియమాలు చూడండి

విమానంలో సంచి సీటు కింద పట్టాలి. యునైటెడ్ వారి కొలత 17, 10, 9 అంగుళాలు. చేతిసంచిలో ఆవకాయ, పెరుగు లాంటివి 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో ఆపేస్తారు. ఖాళీ సీసా తీసుకెళ్ళి లోపల నింపుకోవచ్చు. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ కిరీటం దాకా ఎక్కేవాళ్ళు సంచి కింద లాకర్లో వదలాల్సిందే.

7. ధర ఆఖరున చూడండి

ఇంట్లో మనవడి పాత స్కూలు బ్యాగు సరిపోతే అదే తీసుకెళ్ళండి. కొనాల్సి వస్తే మెమోరియల్ డే, లేబర్ డే రోజుల్లో ధరలు తగ్గుతాయి. చీటీ మీది ధరకు సేల్స్ ట్యాక్స్ అదనమని, పక్కనున్న ఓరెగాన్‌లో ఆ పన్ను లేదని గుర్తుంచుకోండి. ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వవచ్చో రసీదు తీసుకునేటప్పుడే అడగండి.

8. వారం ముందే కొని, నింపి నడిపించండి

రోజూ సాయంత్రం ఆ సంచితోనే వాకింగ్‌కు పంపండి. పట్టీ ఎక్కడ గుచ్చుకుంటుందో, ఏ జేబులో ఏముందో వాళ్ళకు తెలిసిపోతుంది. నచ్చకపోతే మార్చుకునే వ్యవధీ ఉంటుంది. మన ఊళ్ళో సంత నుంచి సామాను తామే మోసుకొచ్చిన మనుషులు వాళ్ళు. ఇక్కడికి వచ్చాక ప్రతి గుక్క నీటికీ పిల్లల్ని అడగాల్సి రావడం వాళ్ళకు బాధగా ఉంటుంది, పైకి చెప్పరు. వాళ్ళ సంచి వాళ్ళకివ్వండి. ఆగాలనిపించిన చోట ఆగుతారు, నడవాలనిపించినంత దూరం నడుస్తారు.