ఆటిజం గల చిన్నపిల్లల ఆహారం, లక్షణాలు – చిరుధాన్యాల ప్రచారంలో పాటించవలసిన హద్దులు

ఆటిజం నాడీవికాసంలో కలిగే భేదం. అది తల్లి బిడ్డకు పెట్టిన తిండి వల్ల వచ్చేది కాదు, తిండి మార్చినందువల్ల పోయేదీ కాదు. అయినప్పటికీ ఈ పిల్లలలో ఆహార సమస్యలు తొలినుండీ గమనింపబడినవే. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణించిన వ్యాసంలోనే, వారిలో పలువురికి పసితనంలో ఆహారం పెట్టడం కష్టమైన సంగతి నమోదైంది. 2013లో షార్ప్ బృందం పూర్వపు అధ్యయనాలను కలిపి విశ్లేషించగా, ఈ పిల్లలలో ఆహార సమస్యలు తలెత్తే అవకాశం ఇతరుల కంటె సుమారు 5 రెట్లు అధికమనీ, వారికి కాల్షియం, మాంసకృత్తులు తక్కువగా అందుతున్నాయనీ వెల్లడైంది.

దీనిని మారాంగా భావించరాదు. రంగు, వాసన, నోటికి తగిలే గరుకుదనం ఈ పిల్లలను తీవ్రంగా బాధించవచ్చు. ఒక బిడ్డ తెల్లని అన్నం, పెరుగు మాత్రమే తింటే, మరొక బిడ్డ కరకరలాడే బిస్కెట్లు తప్ప ముట్టదు. బరువు వయసుకు తగినట్లే ఉండవచ్చు కనుక తూకం ఒక్కటే చూస్తే లోపం బయటపడదు. పండ్లు, కూరలు బొత్తిగా తినని పిల్లలు కాళ్ల నొప్పులతో నడక మానివేయగా, చివరకు అది స్కర్వీ అని తేలిన సందర్భాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. మాటలు రాని బిడ్డలో మలబద్ధకపు నొప్పి కూడా ఏడుపుగానో, తల కొట్టుకోవడంగానో కనిపించవచ్చు. అటువంటప్పుడు ఆ బాధకు చికిత్స చేస్తే ప్రవర్తన కొంత కుదుటపడవచ్చు. ఆటిజమే తగ్గిందని కుటుంబం పొరబడేది సాధారణంగా ఇక్కడే.

గ్లూటెన్, కేసిన్ మానిపిస్తే లక్షణాలు తగ్గుతాయన్న ప్రచారం విస్తృతంగా ఉంది. 2016లో హైమన్ బృందం 3–5 ఏళ్ల పిల్లలు 14 మందికి ఆ ఆహార నియమం పాటింపజేసి, గ్లూటెన్, కేసిన్‌లను ఎవరికీ తెలియకుండా తిరిగి ఇచ్చి పరీక్షించింది. ప్రవర్తనలో గాని, ఆటిజం లక్షణాలలో గాని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అధ్యయనం చిన్నదే అయినా పద్ధతి పటిష్ఠమైనది. పైగా 2008లో హెడిగర్ బృందం పరిశీలించిన ఆటిజం గల బాలురలో ఎముకల మందం తగ్గి ఉండగా, కేసిన్ మానినవారిలో ఆ తగ్గుదల మరింత ఎక్కువగా ఉంది.

తెలుగునాట అన్నమే ప్రధానాహారం. గోధుమ మానితే పోయేది రవ్వ, సేమ్యా, బిస్కెట్ల వంటివి. అసలు నష్టం పాలు, పెరుగు మానడంలో ఉంది. ఇక్కడే రాగి ప్రసక్తి వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అయితే ఫైటేట్లు, ఆక్సలేట్లు దాని శోషణను తగ్గిస్తాయి. నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. పాలలోని బి12 మాత్రం రాగిలో లభించదు. కనుక రాగిని మంచి ఆహారంగా సిఫారసు చేయవచ్చు గాని, ఆటిజానికి మందుగా పేర్కొనడం విస్తరణ సిబ్బందికి తగదు. వైద్యుని, పోషకాహార నిపుణుని సలహా లేకుండా పాలు మానిపించమని చెప్పరాదు.

రాగిపిండిని బిడ్డకు ఇష్టమైన దోసెలో రహస్యంగా కలపడం కూడా ప్రమాదమే. రంగు మారిన దోసెను నిరాకరించిన బిడ్డ ఆపై తెల్లదోసెను సైతం ముట్టకపోవచ్చు. అలవాటైన దోసె ప్రక్కనే, వేరే గిన్నెలో, చిటికెడంత రాగి సంకటి ఉంచి, తినమని ఒత్తిడి చేయకుండా, పలు దినాలు కంటికి అలవాటు చేయడం మేలు.